మొద్దు ఎండకముందే పట్టా వేయకండి

[శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర ఒక కొలిమి. నేల మీద రెండు మొద్దులు. ఒకదాని ఇనుప పట్టా జారిపోయి ఉంది.]

నమస్కారం. ఈ పట్టా చూడండి. మొద్దు నడుముకు ఉండాల్సినది, వదులైన కడియంలా అడుగుకు జారింది. దాగలి, అంటే కమ్మరి ఇనుమును పెట్టి కొట్టే దిమ్మె, దాని కింద మొద్దు సిద్ధం చేసేవారు తరచూ ఒక మాట అంటారు: "కోసిన రోజే పట్టా బిగిస్తే పగలదు కదా!" పగులుతుంది, పట్టా కూడా ఊడుతుంది. ఈ మాట వల్ల చేవ ఉన్న చింత మొద్దులు పాడవుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఎడ్లబండి చక్రాన్ని తలచుకోండి. పచ్చి కర్రతో చేసిన పూటీల (చక్రం అంచు చెక్కల) మీద ఎవరైనా పట్టా ఎక్కిస్తారా? బాగా ఎండిన కర్రకే ఎక్కిస్తారు. అయినా ఎండాకాలంలో కర్ర ఇంకాస్త కుదించుకుని పట్టా వదులయితే, చక్రాలను చెరువులో నానబెట్టేవారు. మొద్దుదీ అదే కథ. కర్ర కుదించుకుంటుంది, ఇనుము కుదించుకోదు.

మరి పగులు ఎందుకు వస్తుంది? కలప ఎండేటప్పుడు వలయాల వెంబడి కుదింపు, నడిబొడ్డు వైపు కుదింపు కన్నా దాదాపు రెండింతలు ఉంటుంది. చుట్టుకొలత ఎక్కువ తగ్గాలని చూస్తుంది, లోపలి చెక్క అంత తగ్గనివ్వదు. అందుకే అంచు నుంచి లోపలికి చీలుతుంది. కర్ర పట్టాను వదిలి లోపలికి పోతుంటే పట్టా దేన్ని పట్టుకుంటుంది?

ఈ రెండో మొద్దు తిత్లీ తుపానుకు కూలిన చింతచెట్టుది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన ఆ తుపానుకు కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. కొబ్బరి మొద్దు మాత్రం దీనికి వద్దు. అంచు గట్టిగా, నడుమ మెత్తగా ఉండి దాగలి కుంగుతుంది. చింత మొద్దుకు బెరడు ఒలిచి, రెండు కోతలకూ మైనం పూసి, నీడలో ఇటుకల మీద నిలబెట్టాం. నెలనెలా తూచాం. బరువు తగ్గడం ఆగాకే ఎండినట్టు లెక్క.

ఇప్పుడు పట్టా. 45 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న మొద్దుకు చుట్టుకొలత 141 సెంటీమీటర్లు. ఆ కొలతలో పట్టాను 500 డిగ్రీలు వేడెక్కిస్తే 8 మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. కాబట్టి చుట్టుకొలతలో 5 మిల్లీమీటర్లు తక్కువగా చేసి, కాల్చి ఎక్కించి, నీళ్లు పోయాలి. అచ్చం బండి చక్రానికి వేసినట్టే.

సమయం తక్కువగా ఉంది, మిగతావి త్వరగా చెబుతాను. చెట్టు నిలబడినట్టే పోగులు నిలువుగా ఉండాలి. ఎత్తుకు కొలత మీ పిడికిలి: నిటారుగా నిలబడి చేయి వదిలితే వేళ్ల కణుపులు దాగలి ముఖాన్ని తాకాలి. దాగలి ఎత్తు తీసేస్తే వచ్చేది మొద్దు ఎత్తు. భూమిలో పాతేటట్లయితే ఆ లోతు కలపండి. పాతకపోతే అడుగున మధ్య భాగాన్ని కాస్త తొలచండి, ఊగదు. పైభాగం మట్టం సరిచూసి, దాగలిని కొక్కేలతో బిగించండి.

పట్టా ఎర్రబడింది. బాబూ, ఆ నీళ్ల బకెట్టు ఇటు తీసుకురా.