చావు లేని లోకంలో హామ్లెట్

నమస్కారం. ఈ రోజు మనం చెప్పుకోబోయే రంగస్థలానికి తెర లేదు, టికెట్టు లేదు. ప్రేక్షకుల్లో ఎవరు ఎప్పుడు తుపాకీ తీస్తారో నటులకు తెలియదు.

2021 ఆరంభంలో, కోవిడ్ లాక్‌డౌన్ కారణంగా బ్రిటన్‌లో నాటకశాలలన్నీ మూతపడి ఉన్న రోజుల్లో, శామ్ క్రేన్, మార్క్ ఊస్టర్‌వీన్ అనే ఇద్దరు నటులు కాలక్షేపానికి 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో ఆన్‌లైన్' అనే, తుపాకుల మోతతో నిండిన వీడియో గేమ్ ఆడుతుండేవారు. ఆ ఆటలో, లాస్ ఏంజెలెస్‌ను పోలిన లాస్ సాంటోస్ నగరంలో తిరుగుతుండగా వారికొక ఆరుబయలు రంగస్థలం కనిపించింది. చేతిలో పనిలేని నటులకు ఖాళీ వేదిక కనిపిస్తే ఇంకేముంది, షేక్‌స్పియర్ నాటకం 'హామ్లెట్' ఇక్కడే ఆడాలని నిశ్చయించుకున్నారు. పాత్రధారుల ఎంపిక కూడా ఆటలోనే జరిపారు.

అవతార్, అంటే ఆటలో ఆటగాడి బదులు తిరిగే బొమ్మ, కంట తడి పెట్టదు. ఆటలో ముందే అమర్చిన కొన్ని సైగలు తప్ప నటుడికి శరీరమే లేనట్టు లెక్క. అభినయం బరువంతా హెడ్‌సెట్‌లో పలికే గొంతు మీదే పడుతుంది. పద్యనాటకాలు చూసిన మనకు ఇది మరీ కొత్త కాదు. వెనక వరుసలోని వాడికి ముఖం కనిపించకపోయినా రాగం చేరేది, వాడు 'వన్స్ మోర్' అనేవాడు. లాస్ సాంటోస్‌లో దారినపోయే ఆటగాడు మాత్రం తూటా పేలుస్తాడు. ఆ వెనకే పోలీసులూ దిగుతారు. మాట మధ్యలో కూలిన పాత్రధారి కొన్ని క్షణాల్లో వేరే చోట ప్రాణంతో లేచి, పరుగున వచ్చి సన్నివేశాన్ని అందుకోవాలి.

చచ్చాక వెళ్లే లోకం నుంచి ఏ బాటసారీ తిరిగి రాడన్న భయమే మనిషిని బతికిస్తోందని హామ్లెట్ వాదిస్తాడు. ఆ మాటలు పలకవలసిన అవతార్ అప్పటికే లెక్కలేనన్ని సార్లు వెళ్లి వచ్చింది! అయినా ఆ స్వగతం అక్కడ హాస్యాస్పదం కాదంటాను. చావుకు విలువలేని ఊళ్లో ఆ ప్రశ్న అడుగుతున్నది, ఎక్కడో ఒక గదిలో, రేపటి జీతం తెలియక కూర్చున్న నిజమైన నటుడు.

ఈ ప్రయత్నాన్ని క్రేన్, ఆయన భార్య పిన్నీ గ్రిల్స్ కలిసి పూర్తిగా ఆటలోపలే చిత్రీకరించిన 'గ్రాండ్ థెఫ్ట్ హామ్లెట్' డాక్యుమెంటరీకి 2024లో అమెరికాలోని ఎస్‌ఎక్స్‌ఎస్‌డబ్ల్యూ (సౌత్ బై సౌత్‌వెస్ట్) ఉత్సవంలో జ్యూరీ పురస్కారం లభించింది.

అదే 2021లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ, నటుల కదలికలను సెన్సర్లతో పట్టి, 'డ్రీమ్' అనే ఆన్‌లైన్ ప్రదర్శన ఇచ్చింది. అందులో టికెట్టు కొన్న ప్రేక్షకులు మిణుగురులై అడవికి వెలుగు పంచారు. సాంకేతికంగా అదే మేలైనది, అందంగానూ ఉంది. కానీ మిణుగురుకు నాటకాన్ని ఆపే శక్తి లేదు. అందుకే నా ఓటు లాస్ సాంటోస్‌కే.