పాత కారు బ్రేకులు: ప్యాడ్లు కొనే ముందు పెడల్ మాట వినండి

హాయ్ అండి అందరికీ. ఈరోజు మన దగ్గరున్నది 20 ఏళ్లు దాటిన బండి, ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, ఏబీఎస్ గిబీఎస్ ఏం లేవు. కంప్లైంట్ ఏంటంటే బ్రేక్ కొట్టగానే బండి కుడికి లాగుతోంది, బ్రేక్ వదిలేశాక కాసేపు ఎడమకి లాగుతోంది, ఓ పది కిలోమీటర్లు నడిపితే వెనకనుంచి ఎవరో పట్టుకున్నట్టు బరువుగా ఉంటోంది. ఇది వినగానే మనోళ్లు చేసే మొదటి పని ప్యాడ్లు, అంటే డిస్క్‌ని రెండువైపులా పట్టి ఆపే ముక్కలు, కొనుక్కురావడం. నేనూ ఒకప్పుడు అదే చేశా లెండి, సేమ్ ఇదే కంప్లైంట్, ప్యాడ్లు మార్చా, తగ్గలా, ఆ ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే క్యాలిపర్ మార్చా, అయినా తగ్గలా. అందుకే ఇప్పుడు చక్రం ఊడదీయకుండా ముందు సీట్లో కూర్చుని మొదలుపెడదాం, సగం రోగం పెడల్ దగ్గరే తెలిసిపోద్ది.

ఇంజిన్ ఆఫ్‌లోనే ఉంది చూడండి. నాలుగైదు సార్లు తొక్కుతున్నా, పెడల్ గట్టిపడుతోంది, అంటే మన కాలి బలాన్ని పెంచే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ అయిపోయింది. ఇప్పుడు కాలు అలాగే నొక్కి ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేస్తా... ఆ, చూశారా, కాలు కింద కొంచెం దిగింది. బూస్టర్ పని చేస్తోందన్నమాట. దిగకుండా రాయిలా ఉండిపోయిందనుకోండి, వెంటనే బూస్టర్ పోయిందని డిసైడ్ అవ్వొద్దు, ముందు ఇంజిన్ నుంచి వచ్చే వాక్యూమ్ పైపు పగిలిందేమో, గాలిని ఒకవైపే పోనిచ్చే దాని నాన్ రిటర్న్ వాల్వ్ పోయిందేమో చూడండి, బోలెడన్ని సార్లు అంతే ఉంటది.

ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి ఓ అర నిమిషం ఒకే బరువుతో నొక్కి పట్టుకోండి. పెడల్ మెల్లమెల్లగా నేలకి దిగిపోతుంటే ఎక్కడో బ్రేక్ ఆయిల్ బయటికి కారుతోంది, లేదా పెడల్ తొక్కితే ఆ ఆయిల్‌ని చక్రాలకి తోసే మాస్టర్ సిలిండర్ లోపల రబ్బర్లు అరిగి ఆయిల్ అటు నుంచి ఇటు జారిపోతోంది. బయట ఎక్కడా చుక్క కనపడదు, బానెట్ కింద డబ్బాలో మాత్రం ఆయిల్ తగ్గుతూనే ఉంటది, అలాంటప్పుడు మాస్టర్ సిలిండర్ నట్లు లూజ్ చేసి బూస్టర్ నుంచి కొంచెం ముందుకి లాగి ఆ మధ్యలో తడి ఉందేమో చూడండి, ఆయిల్ బూస్టర్ లోపలికి పోతుంటది దొంగలాగా.

ఒక మాట. పాత బండికి ఎయిర్ తీసేటప్పుడు, అంటే బ్రేక్ లైన్‌లో చేరిన గాలి బయటికి పంపేటప్పుడు, పెడల్‌ని దబదబా నేలదాకా తొక్కకండి. రోజూ పిస్టన్ తిరగని చోట సిలిండర్ లోపల తుప్పు, జిడ్డు పేరుకుని ఉంటాయి, రబ్బర్ దాని మీదకెళ్లి చీరుకుపోద్ది, బాగున్న మాస్టర్ సిలిండర్ కాస్తా ఎయిర్ తీసినరోజే పోద్ది. పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టుకుంటే సరిపోద్ది.

ఇంకా పెడల్ బూరుగుదూది దిండు మీద కాలేసినట్టు మెత్తగా ఉంటే లైన్‌లో ఎయిర్ ఉంది. మెత్తగా లేదు కానీ బాగా కిందికి వెళ్తోంది, రెండోసారి తొక్కితే పైకొస్తోంది అంటే ఎక్కువగా వెనక డ్రమ్ముల్ని లోపలినుంచి ఒత్తి ఆపే షూస్‌కి గ్యాప్ పెరిగిపోయి ఉంటది, అడ్జస్టర్ తిప్పితే అయిపోద్ది. ఈ రెండిటికీ తేడా తెలియక ఎయిర్ తీసిందే మళ్లీ తీస్తుంటారు.

బానెట్ కింద డబ్బా చూద్దాం. ఆయిల్ టీ డికాషన్ రంగులో ఉంది, మార్చాల్సిందే. లెవెల్ కొంచెం తగ్గిందని వెంటనే నింపేయకండి, ప్యాడ్లు అరిగేకొద్దీ క్యాలిపర్ పిస్టన్లు బయటికొస్తాయి, ఆ మేరకు లెవెల్ దిగడం మామూలే. ఈ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటది, డాట్ 3 అనే రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది, డాట్ 4 అయితే 230, 155. ఘాట్ దిగేటప్పుడు పెడల్ ఉన్నట్టుండి మెత్తబడేది ఇందుకే, లోపల ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు కడతాయి. డాట్ 5 అని సీసా మీద ఉంటే మాత్రం పక్కన పెట్టేయండి, అది సిలికాన్, వీటితో కలపకూడదు, 5.1 వేరే, అది వీటి జాతే, పేర్లు ఎవరు పెట్టారో గానీ!

చప్పుళ్ల గురించి పెద్దగా చెప్పను, కీచుమంటే ప్యాడ్ చివరికొచ్చి ఉండొచ్చు, గరగరమంటే ఇనుము ఇనుముకి తగులుతోంది, బండి ఆపేయండి. బ్రేక్ కొడితే స్టీరింగ్ వణికితే ముందు డిస్కులు, సీటు వణికితే వెనక డ్రమ్ములు. డిస్క్ అంచు మీద కనీస మందం అంకె కొట్టి ఉంటది, దానికంటే సన్నబడితే మార్చాలి, ప్యాడ్ 3 మిల్లీమీటర్లకి దిగితే మార్చాలి.

ఇప్పుడు మన బండి సంగతి. ఇందాక ఒక రౌండ్ వేసుకొచ్చా. చెయ్యి చక్రానికి దగ్గరగా పెట్టి చూడండి, డిస్క్ ముట్టుకోకండి, కాలుద్ది. కుడివైపు గోరువెచ్చగా ఉంది, ఎడమవైపు... అబ్బో, సెగ కొడుతోంది. ఎడమ ముందు చక్రం పట్టేసింది. వెనక చక్రాలకి రాళ్లు పెట్టా, జాకీ లేపి స్టాండ్ పెట్టా, ఒట్టి జాకీ మీద నమ్మకం పెట్టుకుని కిందికి దూరకండి.

తమ్ముడూ, ఒకసారి బ్రేక్ తొక్కి వదులు. వదిలావా? చూడండి, పెడల్ వదిలేసినా చక్రం తిరగట్లే, రెండు చేతులతో తిప్పినా కదలట్లే. ఇక్కడే నేను అప్పట్లో క్యాలిపర్ పోయిందనుకుని మార్చేశా. ఆగండి. కెమెరా ఇటు తిప్పు, క్యాలిపర్ మీద ఎయిర్ తీయడానికుండే ఈ బ్లీడర్ నిపుల్‌కి సన్నటి ట్యూబ్ తగిలించా, స్పానర్‌తో పావు చుట్టు లూజ్ చేస్తున్నా... చిమ్మింది! ఇప్పుడు చక్రం తిప్పుతా, చూడండి, ఒక వేలుతో తిరుగుతోంది.

అంటే పిస్టన్ బాగానే ఉంది, దాని మీద ప్రెషర్ వెనక్కి పోవట్లే. నిపుల్ తెరిచినా వదల్లేదనుకోండి, అప్పుడు పిస్టన్ బిగుసుకుంది లేదా క్యాలిపర్ జరిగే స్లైడ్ పిన్నులు పట్టేశాయి. మనది వదిలింది కాబట్టి ఇంకొక్క చెకింగ్. మళ్లీ తొక్కి వదులు తమ్ముడూ. ఇప్పుడు నిపుల్ కాదు, క్యాలిపర్‌కి ఆయిల్ తెచ్చే రబ్బర్ హోస్‌కి పైన స్టీల్ పైపు కలిసే యూనియన్, అదే జాయింట్ నట్టు, లూజ్ చేస్తున్నా... రెండు చుక్కలొచ్చాయి, చక్రం మాత్రం అలాగే బిగుసుకుని ఉంది. ఇక్కడ లూజ్ చేయగానే చక్రం వదిలేసి ఉంటే తప్పు మాస్టర్ సిలిండర్ వైపు ఉండేది. వదల్లేదు, కాబట్టి హోసే.

ఈ హోస్ బయటనుంచి చూస్తే శుభ్రంగా ఉంది, ఒక్క పగులు లేదు. లోపలి రబ్బర్ ఊడి నాలుకలాగా వేలాడుతుంటది, కాలు బలానికి ఆయిల్ తోసుకుంటూ అటు వెళ్లిపోద్ది, కొంచెం ఆలస్యంగా వెళ్తది కాబట్టి బ్రేక్ కొట్టగానే బండి కుడికి పోతోంది, వెనక్కి రావడానికి తోసే బలం ఏదీ లేదు కాబట్టి వదిలాక ఎడమకి లాగుతోంది. నేను క్యాలిపర్ మార్చానన్నానే, ఆ రోజు పోయిందీ ఇదే, ఈ రబ్బర్ గొట్టం.

ఒకవైపు పోయిందంటే రెండోదానికీ అదే వయసు, రెండూ మార్చేస్తున్నా. ప్యాడ్లు తీసేటప్పుడు క్యాలిపర్‌ని హోస్ మీద వేలాడదీయకండి, తీగతో స్ప్రింగ్‌కి కట్టేయండి, లోపలి రబ్బర్ చిరగడానికి అదీ ఒక కారణమే. వెనక డ్రమ్ముల్లో దుమ్ము ఉంటే గాలి కొట్టొద్దు, పాత షూస్‌లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడవండి.

కొత్త హోసులు బిగించి ఎయిర్ తీశాం. బండి కదిపే ముందు పెడల్ గట్టిపడేదాకా మెల్లగా తొక్కి, తమ్ముడు గట్టిగా నొక్కి పట్టుకుంటే నేను ఒక్కో జాయింట్ తడి కోసం చూశా. పొడిగానే ఉంది. పది కిలోమీటర్లు తిరిగొచ్చాం, ఇదిగో ఎడమ చక్రం దగ్గర చెయ్యి పెడుతున్నా... గోరువెచ్చగా ఉంది, కుడిదానిలాగే.