మంచం తలవైపు ఎర్ర అట్ట

శ్రోతలకు నమస్కారం. ముప్ఫై ఏళ్లకు పైగా స్టాఫ్ నర్సుగా పనిచేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో చూసిన ఒక మంచం ఇప్పటికీ కళ్లముందు మెదులుతుంది. తలవైపు అట్టముక్క మీద ఎర్ర సిరాతో ‘హెచ్ఐవీ’ అని రాసి వేలాడదీశారు. మధ్యాహ్నానికల్లా పక్క మంచాలవాళ్లు దుప్పట్లు చంకన పెట్టుకుని దూరం జరిగిపోయారు. భోజనం తెచ్చినామె పళ్లెం గుమ్మం దగ్గరే పెట్టి వెళ్లిపోయింది. లేచి వచ్చి తీసుకునే ఓపిక ఆయనకు లేదు. పళ్లెం అందించాను గానీ, అట్ట తీసేసే ధైర్యం చేయలేకపోయాను. ఆ తప్పు నాదే.

‘మన జాగ్రత్త కోసమే కదా’ అన్నారు సీనియర్లు. పరీక్ష చేయించుకోని వాళ్ల రక్తంలో ఏముందో ఎవరికి తెలుసు? రక్తం తగిలే పని ఎవరికి చేసినా గ్లౌజులు వేసుకోవాల్సిందే. అందరి దగ్గరా అలాగే ఉంటే ఇక అట్టతో పనేముంది?

2017లో వచ్చిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం, మనిషి ఒప్పుకోకుండా ఆ సంగతి బయటపెట్టడం తప్పు. కోర్టు ఆదేశం లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. సిబ్బందికి గ్లౌజులు, సూది గుచ్చుకుంటే వాడాల్సిన మందులు ఇవ్వాల్సిన బాధ్యత ఆస్పత్రిదని కూడా అదే చట్టం చెప్పింది. నర్సులు అవి గట్టిగా అడగాలి.

అసలు కష్టం ఇంటివాళ్లు అడిగినప్పుడు. ‘సిస్టర్, మా ఆయనకేమైందో మీకు తెలుసు, చెప్పండి’ అని ఒకామె నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరు చిన్నపిల్లల తల్లి. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ జీవిత భాగస్వామికి చెప్పే వీలు డాక్టరుకో కౌన్సెలర్‌కో తప్ప నర్సుకు లేదు. వాళ్లైనా ముందు పేషెంటుకు నచ్చజెప్పాలి, వినకపోతే తామే చెప్పబోతున్నామని ఆయనకు తెలియజేయాలి. జబ్బు భార్యదై, చెబితే కొడతారనో వదిలేస్తారనో భయం ఉంటే అసలు చెప్పకూడదు. ఇంత ఆలోచించి రాసిన చట్టాలు తక్కువని నాకనిపిస్తుంది.

‘నాకేం తెలియదు’ అని అబద్ధమాడటం ఇష్టంలేక, ‘నేను చెప్పకూడదమ్మా, డాక్టరుగారితో మాట్లాడదాం’ అన్నాను. డాక్టరుగారు మొదట భర్తతో ఒంటరిగా మాట్లాడారు. మర్నాడు భర్తే, డాక్టరుగారి ముందు తానే చెబుతానన్నాడు. ఆమె టిఫిన్ క్యారియర్ నా చేతికిచ్చి లోపలికి వెళ్లింది. అది పట్టుకుని తలుపు బయటే నిలబడ్డాను.