కాడ చూడండి, గిన్నె చూడండి: మంకీఫ్లవర్ల ఎపిసోడ్

శైలజ: నమస్కారం అందరికీ. ఈ వారం మంకీఫ్లవర్లని ముందే చెప్పాం కదా. కాలిఫోర్నియాలో ఊటనీళ్ళు కనిపించిన చోటల్లా పసుపుగా పూస్తాయే, అవి. ఏది ఏదో ఎలా పోల్చుకోవాలని చాలామంది అడిగారు. కిరణ్, నువ్వు మొదలుపెట్టు.

కిరణ్: రంగు చూడకండి.

శైలజ: అప్పుడే!

కిరణ్: అప్పుడే అక్కా. ఫోటోలు పంపేవాళ్ళంతా పూవు మొహమే తీసి పంపుతున్నారు. పక్కనుంచి తీయండి. పూవు కింద పచ్చగా గిన్నె ఉంటుంది, రక్షకపత్రాలు కలిసిపోయి. గుట్టాటా అనే పసుపు జాతిలో ఆ గిన్నె అంచుకి ఐదు పళ్ళుంటాయి, పైపన్ను మిగతావాటికంటే పెద్దది. కాయ కట్టాక గిన్నె ఉబ్బుతుంది, కిందిపళ్ళు పైకి ముడుచుకుని దాని నోరు మూస్తాయి. మస్క్ మంకీఫ్లవర్, అంటే మొస్కాటా, అదీ పసుపే. కానీ దాని పళ్ళు దాదాపు ఒకే కొలత. మొక్కంతా నూగు, ముట్టుకుంటే జిగురు.

శైలజ: మరి నాసూటా జాతి? 120వ నంబరు హైవే మీద యోసెమిటీకి వెళ్తుంటే డాన్ పెడ్రో రిజర్వాయరు తగులుతుంది కదా. ఆ చుట్టుపక్కల గుట్టాటా, నాసూటా పక్కపక్కనే పూస్తాయి. అక్కడ పళ్ళు చూస్తే తేలదు.

కిరణ్: తేలదు, రెండింటికీ పైపన్ను పొడుగే. అక్కడ పూవు కొలత చూడాలి. నాసూటా పూవు బాగా చిన్నది, కిందిపెదవి మీద సాధారణంగా ఒక పెద్ద ఎర్రమచ్చ ఉంటుంది. తేనెటీగ వచ్చేదాకా ఆగదు, తన పుప్పొడితో తనే కాయ కట్టేస్తుంది. గుట్టాటా కంటే ముందే పూస్తుంది కూడా. రెండూ పూసే రోజులు కలిసినచోట సంకరాలూ పుడతాయి.

శైలజ: టిలింగీ జాతి గురించి కూడా చెప్పెయ్.

కిరణ్: అది పైన, ఎత్తులో, మంచు కరిగిన నీళ్ళ పక్కన. పొట్టి మొక్క, నేలలోపలి కాండాలతో పరుచుకుంటుంది. పూలు కొన్నే, కానీ పెద్దవి. ఇవన్నీ మిమ్యులస్ అనే ప్రజాతివే కాబట్టి...

శైలజ: ఎరిత్రాంతే.

కిరణ్: వచ్చేసింది.

శైలజ: రాదా మరి? 2012లో వీటి ప్రజాతి పేరు మార్చారు, అప్పటినుంచి ఎరిత్రాంతే. మొక్కల ఫోటోలు పెట్టే ఐనాచురలిస్ట్ యాప్‌లో వెతికినా ఆ పేరే కనిపిస్తుంది.

కిరణ్: ల్యాబుల్లో ఇప్పటికీ మిమ్యులస్ అని రాసేవాళ్ళు ఎంతమంది! 2019లో ట్యాక్సన్ పత్రికలో బోలెడుమంది పరిశోధకులు కలిసి రాశారు, అన్నింటినీ మిమ్యులస్‌గానే ఉంచండని. దశాబ్దాల పని ఆ పేరు మీద ఉంది అక్కా. రేపు కొత్తగా చదువుకునే పిల్లలు పాత పేపర్లు ఎలా పట్టుకుంటారు?

శైలజ: దానికి జవాబూ వచ్చింది, అదీ చెప్పు. మొక్కలకి జంట పేర్లు పెట్టిన లినేయస్ 1753లో మిమ్యులస్‌లో పెట్టింది రింజెన్స్ జాతిని, కాబట్టి ఆ పేరు మొదట దానిది. తూర్పు అమెరికా మొక్క, ఊదా పూలు. డీఎన్ఏ చూస్తే ఆస్ట్రేలియాలో ఉండే పెప్లిడియం, గ్లాసోస్టిగ్మా లాంటివి దానికి దగ్గరి చుట్టాలు, మన గుట్టాటా కాదు. అందరినీ మిమ్యులస్ అనాలంటే వాటినీ అందులో కలపాలి. కలుపుతావా?

కిరణ్: చుట్టరికం ఒప్పుకుంటాను. బురదలో మోకాళ్ళ మీద కూర్చున్నవాడికి ఏం పనికొస్తుంది?

శైలజ: కాడ! పూవు కాడ గిన్నె కంటే పొడుగుందా, చాలావరకు ఎరిత్రాంతే. కాడ పొట్టిగా ఉండో, అసలు లేనట్టుండో పూవు కొమ్మకి ఆనుకుని ఉందా, డిప్లాకస్, మిమ్యులస్‌లోంచి విడగొట్టిన ఇంకో ప్రజాతి. మన ట్రెయిళ్ళ పక్కన నారింజరంగు పూల పొద ఉంటుంది చూడు, స్టికీ మంకీఫ్లవర్, అది డిప్లాకస్. నువ్వు చూడమనే గిన్నె పక్కనే ఉంది నా గుర్తు. పేరు మారినందువల్లే కాడ చూడటం అలవాటయింది నాకు.

కిరణ్: కాడ మంచి గుర్తే. కానీ విడగొట్టడం అక్కడితో ఆగలేదుగా! అదే 2012లో గుట్టాటాని కూడా వేరువేరు జాతులుగా ముక్కలు చేశారు. తీరంలో ఏడాదంతా తడి ఉంటుంది, అక్కడిది బహువార్షికం. లోపల ఎండిపోయే ఊటల్లోది ఏకవార్షికం. ఎనిమిదో క్రోమోసోములో ఒక ముక్క తిరగబడి ఉండటానికీ ఆ తేడాకీ సంబంధం ఉందని 2010లో చూపించారు. ఇప్పుడవి రెండు జాతులా, ఒకటా?

శైలజ: ఆ మాటకి నా దగ్గర ఖచ్చితమైన జవాబు లేదు. నీ "రంగు చూడకండి" మాత్రం నేనొప్పుకోను. కార్డినాలిస్ అనే మంకీఫ్లవర్ ఎర్రది, దాని పుప్పొడి మోసేది హమ్మింగ్‌బర్డ్. లూయిసీ జాతి గులాబీది, దానికి బంబుల్‌బీ. 2003లో రంగుకి సంబంధించిన ఒక్క జన్యుభాగం మార్చి చూస్తే, నారింజ-పసుపుకి తిరిగిన లూయిసీకి హమ్మింగ్‌బర్డ్‌లు 68 రెట్లు ఎక్కువగా వచ్చాయి. గులాబీ అయిన కార్డినాలిస్‌కి బంబుల్‌బీలు 74 రెట్లు.

కిరణ్: బంబుల్‌బీ రంగు చూడనీ అక్కా. మనం గిన్నె చూద్దాం.

శైలజ: ఒక్క మాట. పోయిన ఎపిసోడ్ తర్వాత ఒకరు గుత్తి కోసి, సీసాలో పెట్టి ఫోటో పంపారు. దయచేసి కోయకండి. ఏకవార్షికానికి విత్తనం తప్ప ఇంకో దారి లేదు. వానలు తక్కువైన ఏడు మనం వెళ్ళే ఊట మార్చిలోనే ఎండిపోయింది, మొగ్గలు మొగ్గలుగానే మాడిపోయాయి. నాకు చాలా బాధేసింది.

కిరణ్: ఆ రోజు నువ్వు కారులో ఒక్క మాటా మాట్లాడలేదు.

శైలజ: సరే, వదిలెయ్.

కిరణ్: కోయకుండానే చూడాల్సింది ఒకటుంది. స్టికీ మంకీఫ్లవర్‌లో కీలాగ్రం, అంటే పుప్పొడి అందుకునే కొస, రెండు రెక్కలుగా విచ్చుకుని ఉంటుంది. గడ్డిపరకతో అలా తాకితే కొన్ని సెకన్లలో మూసుకుంటుంది. పుప్పొడి అందకపోతే మళ్ళీ తెరుచుకుంటుంది.

శైలజ: గుట్టాటాలోనూ మూసుకుంటుంది. అదిగో, బాబు లేచినట్టున్నాడు.

కిరణ్: వెళ్ళు వెళ్ళు. వచ్చేవారం రెండో గేటు దగ్గర...

శైలజ: రెండో గేటు వద్దన్నానా! ఆపు ముందు, రికార్డింగ్ ఆపు.