గొర్రెపిల్ల ఒంట్లో గడ్డిగింజ

శ్రోతలకు నమస్కారం. పొలంగట్ల మీద నడిచి ఇంటికి వచ్చి, పంచె అంచుకు అంటుకున్న ఉత్తరేణి గింజలను ఒక్కొక్కటిగా ఏరి పారేసిన వారికి ఆస్ట్రేలియా గొర్రెల రైతు బాధ సగం అర్థమైనట్టే.

అక్కడి విక్టోరియా, సౌత్ ఆస్ట్రేలియా రాష్ట్రాలలో వానలు ఎక్కువగా చలికాలంలోనే పడతాయి. ఆ పదునుకు పెరిగే బార్లీ గడ్డి అనే అడవి గడ్డి, అక్కడ చలికాలమైన జూలై, ఆగస్టు నెలలలో లేతగా ఉన్నంతవరకు మంచి మేతే. వసంతం ముదిరి, వెన్ను ఎండి, గింజ రాలడం మొదలయ్యాక ఆ మేతే ముల్లవుతుంది.

ఆ గింజ ఒకటి మీ అరచేతిలో ఉన్నదనుకోండి. మొదలు సూదిమొన, పైన పొడవాటి మీసాలు, మీసాల నిండా కొసవైపు వాలిన, కంటికి ఆనని నూగు. మొదటినుండి కొసకు నిమిరితే నునుపు, ఎదురు నిమిరితే గరుకు. ఉన్నిలో చిక్కిన ఈ గింజ, గొర్రెపిల్ల నడిచినా, పడుకున్నా, కంచెకు ఒళ్లు రుద్దుకున్నా ముందుకే జరుగుతుంది, వెనక్కు రాదు. ముందు ఉన్ని, తరువాత చర్మం, ఆ తరువాత కండ. కంట్లో దిగితే చూపే పోవచ్చు. కండలో దిగినవి కబేళాలో తోలు ఒలిచాక గాని బయటపడవు. అప్పుడు ఆ కళేబరాన్ని వరుసలోనుండి పక్కకు తీసి, గింజలున్న కండను కోసి పారేయవలసి వస్తుంది. తూకం తగ్గుతుంది, తోలు చెడుతుంది, చివరకు రైతుకు వచ్చే ధర పడిపోతుంది.

ఉపాయాలు చాలా ఉన్నాయి గాని, ఈ కొద్ది సమయంలో నేను అదను గురించి మాత్రమే చెబుతాను. వెన్నును గోళ్ల మధ్య నొక్కితే పాలు వచ్చే దశలో తక్కువ మోతాదున కలుపుమందు చల్లితే గింజ గట్టిపడదు. అయితే బార్లీ గడ్డి అంతా ఒక్కసారే ఈనదు కనుక కొన్ని వెన్నులు తప్పించుకుంటాయి. అందుచేత నా మొగ్గు కత్తెర వైపే. గింజ రాలకముందే పిల్లల ఉన్ని కత్తిరిస్తే, పొట్టి ఉన్నిలో గింజ అంతగా చిక్కుకోదు, చిక్కినా చాలావరకు రాలిపోతుంది. రాలిన తరువాత కత్తిరిస్తే, అప్పటికే చర్మంలో దిగినవి దిగినవే. గింజ రాలకముందే, మళ్లీ చెబుతున్నాను, రాలకముందే. కత్తిరించిన మందను తిరిగి అదే బీడులోకి తోలకుండా, బార్లీ గడ్డి లేని లూసర్న్ అనే మేతపంట చేను ఒకటి ముందుగానే సిద్ధం చేసుకొని అందులోకి తోలాలి.