బోరులో ఎన్ని అడుగుల కింద నీళ్లున్నాయి?

పెద్దలకు, అక్కలకు, అన్నలకు నమస్కారం.

బోరు ఎండిపోతే మనం ఏం చేస్తాం? పాయింట్ చూపిస్తాం, అప్పు తెస్తాం, ఇంకో వంద అడుగులు లోతుకు పోతాం. మా ఇంట్లో అలా నాలుగు బోర్లు వేశాం. మూడింట్లో దుమ్మే లేచింది. నాలుగోదానికి అమ్మ గాజులు కుదువకు పోయాయి.

ఇరవై ఏళ్ల కిందట మన అనంతపురంతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో కొందరు రైతులు వేరే దారి పట్టారు. ఏపీఎఫ్ఏఎంజీఎస్, అంటే రైతులే భూగర్భజలాలను చూసుకునే ప్రాజెక్టు అది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడు నిలిచింది. రైతులే వాన కొలిచారు. కొన్ని బోర్లను ఎంచుకుని 15 రోజులకోసారి నీటిమట్టం చూశారు. ఆ అంకెలు ఊరందరికీ కనపడేలా బోర్డు మీద రాశారు. రబీకి ముందు అందరూ కూర్చుని, ఎంత ఇంకింది, తాగడానికి ఎంత ఉంచాలి, వేయాలనుకున్న పంటలకు ఎంత కావాలి అని లెక్క వేశారు. ఈ పంట వేయొద్దని ఎవరూ ఆదేశించలేదు, మానుకున్నందుకు పరిహారమూ ఇవ్వలేదు. లోటు కళ్లారా చూసి, చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు. 2002లో నీరు, నేల, చెట్ల రక్షణకు వాల్టా చట్టం వచ్చింది, మంచిదే. కానీ చట్టం ప్రతి బోరు దగ్గరా కాపలా ఉండలేదు కదా!

ఆ లెక్క ఇప్పుడే వేసి చూద్దాం. మనకు ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. మన రాతి నేలల్లో ఇంకేది దాదాపు పదో వంతు, అంటే 55. వరికి వెయ్యికి పైనే కావాలి. బోరు నీళ్లతోనే ఎకరం వరి పండించాలంటే 18 ఎకరాల్లో ఇంకినంత నీరు తోడాలి. ఆ 18 ఎకరాల్లో పక్కవాళ్ల చేలు కూడా ఉన్నాయి.

చెక్ డ్యామ్‌లు, ఊటకుంటలు కావాలి. అయితే కుంట నిండగానే దాని పక్కనే కొత్త బోర్లు పడితే ఆ శ్రమంతా ఎవరికి? మహారాష్ట్రలోని హివ్రే బజార్‌లో కట్టలు కట్టుకోవడంతో ఆగలేదు. సాగుకు బోర్లు వద్దని, చెరకు వద్దని ఊరే నిర్ణయించుకుంది. అక్కడి బావుల్లో నీళ్లు పైకి వచ్చాయి.

రబీ దగ్గర పడింది. ఆదివారం పొద్దున మన నీటిమట్టాలు రాసుకోవడానికి పంచాయతీ ఆఫీసు గోడకు సున్నం వేద్దాం, నల్ల రంగు నేను తెస్తాను. మొదటి గడిలో మా బోరు నీటిమట్టమే రాయండి.