గట్టు మీద కబుర్లు: మూడు గుర్రాల తోటకు ఏ బండి?

మేనకోడలు: నమస్కారం. గట్టు మీద కబుర్లకు స్వాగతం. కిందటిసారి పసుపు బకెట్టు గురించి మీరు పంపిన సందేశాలన్నీ చదివాము. మామయ్య మాత్రం ఒక్కదానికీ జవాబు చెప్పనంటున్నారు.

మామయ్య: చెప్పను. ఆ బకెట్టు ఇంకా దొరకలేదు.

మేనకోడలు: సరే, వదిలేద్దాం. ఇవాళ బండి సంగతి. అంబాజీపేట దగ్గర నుంచి ఒక శ్రోత రాశారు. రెండెకరాల కొబ్బరితోట, అందులో మూడు గుర్రాలు. లద్దె ఎత్తాలి, గడ్డి తేవాలి, కాలువలు కట్టేసిన నెలల్లో నీళ్ళ డ్రమ్ములు మొయ్యాలి. అన్నిటికీ కలిపి ఒక్క బండి కొనాలనుకుంటున్నారు. చిన్న ట్రాక్టరా, పవర్ టిల్లరా, చిన్న ట్రక్కా, బ్యాటరీ ఆటోనా అని అడిగారు.

మామయ్య: ఇంట్లో మూడు గుర్రాలు పెట్టుకుని బండి కొనడమేమిటమ్మా?

మేనకోడలు: అప్పుడే మొదలుపెట్టారా! ముందు నన్ను తూము గురించి చెప్పనివ్వండి.

మామయ్య: చెప్పు తల్లీ. తూము లేకుండా నీకు తెల్లవారదు.

మేనకోడలు: బండి కొనేవాళ్ళందరూ మొట్టమొదట అడిగేది ఎంత బరువు మోస్తుందని. మన డెల్టాలో అడగవలసింది అది కాదు. రోడ్డు మీద నుంచి తోటలోకి దిగేటప్పుడు బోదె, అంటే చిన్న పంటకాలువ, దాటాలి కదా, ఆ బోదె మీద పలక పరిచి కట్టిన తూము ఉంటుంది. దాని వెడల్పు ఎంత? పైనున్న పలక ఎంత మందం? శ్రావణమాసంలో రెండు పక్కలా మట్టి ఎంత జారుతుంది? టేపు పట్టుకుని వెళ్ళి కొలవండి. ఆ కొలతకు లొంగని బండి ఎంత చవకగా వచ్చినా మనది కాదు.

మామయ్య: ఒప్పుకున్నాను. ఇక బరువు లెక్క చెప్పు.

మేనకోడలు: మార్వారీ జాతి గుర్రం 350 నుంచి 400 కిలోలు ఉంటుందనుకుందాం. రోజుకు 15 కిలోలకు తగ్గకుండా లద్దె వేస్తుంది. కింద పరిచిన కొబ్బరి పొట్టు తడిసి దానితో కలిస్తే 25 కిలోల దాకా వస్తుంది. మూడింటికీ కలిపి 75 కిలోలు.

మామయ్య: 75 కిలోలకు డీజిలు బండా! మా తాతగారు అమలాపురంలో జట్కా తోలారు. నలుగురు మనుషులు, రెండు సంచుల బియ్యం, పైన పెళ్ళి సామాను, వీటన్నిటినీ లాగింది ఒక్క గుర్రం. ఆ శ్రోతకు నా మాటగా చెప్పు. ఒక తేలిక బండి చేయించుకుని, మూడింటిలో నెమ్మదైన దాన్ని కట్టమను. లద్దె ఎత్తినట్టూ ఉంటుంది, గుర్రానికి నడక అయినట్టూ ఉంటుంది.

మేనకోడలు: ఏ బండికి కడతారు? ఊళ్ళో దొరికేవి ఎడ్లబండ్లే. వాటికి కాడి ఉంటుంది. ఎద్దుకు మూపురం ఉంది కాబట్టి కాడి అక్కడ ఆనుకుంటుంది, అది కాడిని తోసుకుంటూ పోతుంది. గుర్రానికి మూపురం ఏది? దాని బలం రొమ్ములో, భుజాల్లో ఉంటుంది. మెడ మీద కాడి పెట్టి బిగిస్తే ఊపిరి గొట్టం నొక్కుకుంటుంది.

మామయ్య: కాడి పెట్టమని నేనన్నానా? జట్కాకు కాడి ఎక్కడ ఉంది? వీపు మీద చిన్న జీను, దానికి రెండు పక్కలా బండి కర్రలు, రొమ్ముకు అడ్డంగా వెడల్పాటి తోలు పట్టీ. ఆ పట్టీ ఎంత మెత్తగా ఉండేదో! లోపలివైపు తాతగారు పాత దుప్పటి ముక్క పెట్టి కుట్టేవారు. రాత్రి బండి విప్పగానే ఆ పట్టీ కిందకు చెయ్యి పోనిచ్చి తడిమి చూసేవారు. ఎక్కడైనా వెంట్రుక అరిగి చర్మం వేడిగా తగిలితే మర్నాడు బండి కట్టేవారు కాదు. ఆ రోజు సంపాదన పోయినా సరే.

మేనకోడలు: అది నాకు తెలియని సంగతి. పట్టీ కింద వేడి చూసేవారా?

మామయ్య: చేత్తో చూసేవారు. కంటికి పుండు కనిపించేసరికే ఆలస్యమైపోతుందనేవారు.

మేనకోడలు: బాగుంది. కానీ మామయ్యా, ఆ గుర్రం జట్కాకు అలవాటు పడినది. స్వారీకి పెంచిన గుర్రం వెనుక గడగడమని చక్రాలు దొర్లితే బెదిరి పరుగెడుతుంది. నెలల తరబడి నేర్పాలి. మొదట ఉత్త పట్టీ, తరువాత వెనుక తాడు, ఆ తరువాత తాడుకు తాటిదుంగ, చివరికి బండి. అంత ఓపిక ఎవరికి ఉంది?

మామయ్య: గుర్రాలు పెంచే మనిషికి ఆ ఓపిక లేకపోతే గుర్రాలే వద్దు.

మేనకోడలు: మరి మే నెలలో? మన దగ్గర ఎండ ఒక్కటే కాదు, గాలిలో తడి కూడా ఎక్కువ. గుర్రానికి పట్టిన చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. ఇలాంటి వాతావరణంలో కొన్ని గుర్రాలకు చెమట పట్టడమే ఆగిపోతుంది. దానితో పగలు నీళ్ళ డ్రమ్ము లాగిస్తామంటే నేను ఒప్పుకోను.

మామయ్య: పగలు ఎవరు లాగించమన్నారు? తెల్లవారుజామున ఐదింటికి కట్టు, ఏడింటికి విప్పెయ్యి. హార్స్‌పవర్ అనే మాట ఎందుకు పుట్టింది? గుర్రం చేసే పనితోనే కదా జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రాన్ని పోల్చి చూపించింది!

మేనకోడలు: ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. అది గంటల తరబడి చేసే పనికి కట్టిన లెక్క. కాసేపు బలమంతా పెట్టి లాగితే ఒక గుర్రం 15 హార్స్‌పవర్ దాకా ఇవ్వగలదు.

మామయ్య: పవర్ టిల్లర్ ఎంత?

మేనకోడలు: మామూలుగా దొరికేది 13.

మామయ్య: విన్నారు కదా శ్రోతలూ! నేను కాదు చెప్పింది.

[ఇద్దరి నవ్వులు]

మేనకోడలు: కాసేపు అన్నాను మామయ్యా, కాసేపు! రోజంతా లాగే పనిలో గుర్రం తన బరువులో పదో వంతు ఈడ్చుకుపోతే అదే గొప్ప. తారు రోడ్డు మీద లాడాలు జారుతాయి, నల్లమట్టిలో గిట్ట కూరుకుపోతుంది. మళ్ళీ అక్కడికే వచ్చాము చూడండి. బురదలో దిగబడేది టైరైనా గిట్టైనా మనం ముందు చూడవలసింది నేలనే. ఆ తూము దగ్గర...

మామయ్య: తూము దగ్గర గుర్రం ఆగుతుంది. బండి ఆగదు. తేడా అదే. పలక కింద బోలుగా ఉంటే గుర్రం ముందు కాలు ఎత్తి, గిట్టతో తట్టి, చెవులు రెండూ ముందుకు పెట్టి నిలబడిపోతుంది. ఎంత అదిలించినా కదలదు. మనిషికి అనుమానం రాకముందే దానికి వస్తుంది.

మేనకోడలు: అది నిజం.

మామయ్య: ఆ రాత్రి అలాగే నిలబడింది కదా.

మేనకోడలు: చెప్పాలనిపిస్తే చెప్పండి. లేకపోతే వద్దు.

మామయ్య: చెబుతాను. 2022 జూలై. ఆగస్టు రాకముందే అంత వరద వస్తుందని ఎవరూ అనుకోలేదు. గోదావరికి ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులకు ఇస్తారు, నీళ్ళు దాన్ని కూడా దాటేశాయి. మన గుర్రాలు లంకలో ఉన్నాయి. గడ్డి, ఉలవలు, తవుడు, అన్నీ అద్దె ట్రక్కులో వేసి ముందు పంపాము. వెనుక నేను గుర్రాలను నడిపించుకుంటూ వస్తున్నాను. తూము దగ్గర మట్టి నాని ఉంది. ట్రక్కు వెనుక చక్రం పలక అంచు దాటింది, బండి ఒక పక్కకు ఒరిగిపోయింది. దారి అంతే వెడల్పు. పక్కనుంచి పోవడానికి లేదు.

మేనకోడలు: నేను ఏటిగట్టు మీద టార్చి పట్టుకుని నిలబడి ఉన్నాను. ట్రక్కు దీపం వెలుగు నీళ్ళ మీద వంకరగా పడటం కనిపించింది.

మామయ్య: ముసలి గుర్రం తూముకు పది అడుగుల దూరంలోనే ఆగిపోయింది. నేను దాన్ని తిట్టాను. ఆగిందే మంచిదైంది. చేలోకి దింపి, రొమ్ము లోతు నీళ్ళలో నడిపించి గట్టెక్కించాను. గుర్రాలు వచ్చాయి, గడ్డి రాలేదు. నాలుగు రోజులు గట్టు మీద ఎవరు ఏది ఇస్తే అది పెట్టాము. అరటి ఆకులు, వేరే ఊరి గడ్డి, కోటా బియ్యం కూడా. గుర్రానికి మేత ఒక్కసారిగా మార్చకూడదు. తెలిసి కూడా పెట్టాము, వేరే దారి లేదు. ఐదో రోజు కడుపునొప్పి మొదలైంది. గుర్రం కక్కలేదు కదమ్మా. లోపల ఏది పడినా లోపలే. పొట్ట వైపు తిరిగి తిరిగి చూసుకునేది.

[కాసేపు నిశ్శబ్దం. దూరంగా పిట్టల అరుపు]

మామయ్య: నువ్వు తూము అన్న ప్రతిసారీ ఎందుకు అంటున్నావో నాకు తెలుసులే.

మేనకోడలు: కాసిని మంచినీళ్ళు తాగండి మామయ్యా.

మామయ్య: తాగుతాను. నువ్వు ఆయనకు చెప్పవలసింది చెప్పు. పాపం ఎదురుచూస్తుంటారు.

మేనకోడలు: చిన్న ట్రక్కు గురించి ముందు చెబుతాను. టాటా ఏస్ 2005లో వచ్చినప్పటి నుంచి మన ఊళ్ళలో కొబ్బరికాయల బేరమంతా దాని మీదే నడుస్తోంది. రోడ్డు మీద దానికి సాటి లేదు. కానీ చిన్న చక్రాలు, లాగేది వెనుక చక్రాలు మాత్రమే. తడి తోటలోకి దింపితే మళ్ళీ ట్రాక్టర్ పిలవాలి. గడ్డి రెండు మూడు నెలలకు ఒకసారి తెస్తారు కాబట్టి ఆ రోజుకు ట్రక్కు అద్దెకు తీసుకోండి, రోడ్డు మీదే దింపించుకోండి. బ్యాటరీ ఆటోకు కూడా బురద పడదు. చప్పుడు లేదు కదా గుర్రాలు బెదరవు అనుకుంటారు, కానీ చప్పుడు లేకుండా వెనుక నుంచి వచ్చేదానికి గుర్రం ఇంకా ఎక్కువ ఉలిక్కిపడుతుంది.

మామయ్య: మన గోధుమరంగు పిల్ల సైకిలుకు ఉలిక్కిపడినట్టు.

మేనకోడలు: అదే. ఇక 24 హార్స్‌పవర్ చిన్న ట్రాక్టర్లు. నాలుగు చక్రాలూ లాగుతాయి, కొబ్బరి వరసల మధ్య సులువుగా తిరుగుతాయి. ఐదారు ఎకరాలు ఉంటే అదే కొనమనేదాన్ని. రెండెకరాలకు దాని వాయిదాలు బరువు. అదీ కాక కొబ్బరిచెట్టు వేళ్ళలో ఎక్కువ భాగం మొదలు చుట్టూ రెండు మీటర్ల లోపే ఉంటాయి. తడి నేల మీద రోజూ ట్రాక్టర్ తిరిగితే ఆ మట్టి గట్టిపడిపోతుంది. కాబట్టి నా మాట పవర్ టిల్లర్, దాని వెనుక తగిలించే చిన్న ట్రెయిలర్. టిల్లర్ 400 కిలోల చుట్టూ ఉంటుంది, తూముకు భారం కాదు.

మామయ్య: నీళ్ళ డ్రమ్ము సంగతి?

మేనకోడలు: 200 లీటర్ల డ్రమ్మును సగం నింపి తీసుకెళ్ళకండి. గట్టు మలుపులో నీళ్ళన్నీ ఒక పక్కకు ఎగసి బండిని లాగేస్తాయి. నిండా నింపి, మూత బిగించి, తాడు కట్టండి. ఎండాకాలం ఒక్కో గుర్రం రోజుకు 40 లీటర్లు సునాయాసంగా తాగుతుంది. ఇక లద్దె ఏ రోజుది ఆ రోజే లాయానికి దూరంగా వెయ్యండి, ఈగలు అక్కడే పుడతాయి. లద్దె కలిసిన మట్టిలో ధనుర్వాతం క్రిములు ఉంటాయి, గుర్రానికి అది చాలా తేలికగా సోకుతుంది. టీకా వేయించారో లేదో చూసుకోండి.

మామయ్య: 75 కిలోల లద్దెకు టిల్లర్ కూడా ఎందుకమ్మా? పట్టీ నేను కుట్టి ఇస్తాను. లోపల దుప్పటి ముక్క పెట్టి.

మేనకోడలు: కుట్టండి. పొద్దున ఐదు నుంచి ఏడు వరకూ అయితే నేను కాదనను.

మామయ్య: ఒప్పుకున్నట్టేనా?

మేనకోడలు: లద్దె వరకే. నీళ్ళకు కాదు, తూము మీదకు అసలే కాదు.

మామయ్య: తూము ఇవతలే తోలుకోమందాం. పట్టీకి తోలు మాత్రం నేను స్వయంగా చూసి తేవాలి, ఈ మధ్య వచ్చే తోలు రెండు వానలకే... ఆగు, కరెంటు వచ్చినట్టుంది. ఆ మోటారు వెయ్యాలి.

మేనకోడలు: తొట్టి నిండలేదా పొద్దున?

మామయ్య: సగమే నిండింది. నువ్వు రా, ఆ పైపు పట్టుకో.